పై అంతస్తుకు మనిషి ఎందుకెక్కాలి?

అనంతపురం సప్తగిరి సర్కిల్ లాంటి చోట ఓ షాపింగ్ కాంప్లెక్స్ ఉందనుకుందాం. రోడ్డువైపు అంగళ్లు కిటకిటలాడుతుంటాయి. మెట్లెక్కితే సగం షట్టర్లు దించే ఉంటాయి. అంగళ్లు లేవని జనం రారు, జనం లేరని అంగళ్లు రావు. ఈ ముడి విప్పేదెలా?

1956లో అమెరికాలో తెరిచిన సౌత్‌డేల్ మాల్‌లో రెండు పెద్ద స్టోర్లు, వాటితో పాటు చిన్న దుకాణాలు పెట్టారు. పెద్ద స్టోరు కోసం వచ్చినవాళ్లు చిన్నవాటి ముందు నుంచే నడుస్తారు. మాల్ లెక్కంతా ఇదే. జనాన్ని తెచ్చేవాడికి చదరపు అడుగుకు తక్కువ అద్దె, ఆ జనం మీద బతికేవాడికి ఎక్కువ. గదులు తలా ఒకటి అమ్మేసిన కాంప్లెక్స్‌లో ఇది కుదరదు. పక్కవాడి బేరం కోసం తన అద్దె ఎవరు తగ్గించుకుంటారు? ఖాళీ గదుల బాధ మాల్స్‌కూ ఉంది. దేశంలోని 8 పెద్ద నగరాల్లో 40 శాతానికి పైగా ఖాళీ పడ్డ మాల్స్ 2023లో 64 ఉన్నాయని స్థిరాస్తి సలహా సంస్థ నైట్ ఫ్రాంక్ తేల్చింది.

మున్సిపల్ గదులది ఇంకో చిక్కు. వేలంలో ఎక్కువ పాడినవారికే గది. లీజు పొడిగించినప్పుడల్లా, అంటే మూడేళ్లకోసారి, అద్దె మూడో వంతు పెరుగుతుంది. 3,000తో మొదలైన అద్దె తొమ్మిదేళ్లకు 7,100 దాటుతుంది.

మన సీమలో రాబడి అలా క్రమంగా పెరిగేది కాదు. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. శనక్కాయ చేతికొస్తే ఊళ్లో టవర్‌క్లాక్ దాకా బట్టల అంగళ్లు నిండుతాయి. ఎండిపోతే పల్లె బెంగళూరు బస్సెక్కుతుంది, కూలి డబ్బు అక్కడే ఖర్చవుతుంది. పంట పండినా ఎండినా అద్దె మాత్రం ఒకటే.

అందుకే అమ్మకాన్ని బట్టి అద్దె తీసుకునే పెద్ద మాల్స్‌లోని పద్ధతి అనంతపురానికే ఎక్కువ అవసరమని నా నమ్మకం. కనీస అద్దె 8,000 అనుకోండి, అమ్మకంలో వాటా 6 శాతం. ఏది ఎక్కువైతే అది కట్టాలి. లక్ష అమ్మిన నెల 8,000తో సరి. మూడు లక్షలమ్మితే యజమానికి 18,000. అమ్మకం ఎంతో బిల్లులే చెబుతాయి. కరువు భారం ఇద్దరూ మోస్తారు.

పై అంతస్తుకు బట్టల అంగడిని పిలవడం వృథా. పనిగట్టుకుని వెతుక్కుంటూ వెళ్లేవాటిని పిలవాలి: రక్తపరీక్షల ల్యాబ్, పళ్ల డాక్టరు, కోచింగ్ సెంటర్. కోచింగ్‌కొచ్చే పిల్లల కోసం జిరాక్సు, టీ అంగడి వాటంతటవే వస్తాయి.

బ్రాండ్ల బోర్డుల కంటే ముందు ఇంకో ఖర్చు ఉంది. పెళ్లి బట్టలకని పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్లు సాయంత్రం దాకా ఉండాలంటే తాగేనీళ్లు, పనిచేసే లిఫ్టు, తాళం వేయని శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి.