రక్తంలోని తూకం

చింతపండు పులుపును నాలుక ఇట్టే గుర్తిస్తుంది. సబ్బునీటి జారుడుతనాన్ని చేతివేళ్ళు గుర్తిస్తాయి. మొదటిది ఆమ్లగుణం, రెండవది క్షారగుణం. ఈ రెండింటి నడుమ తూకం మానవుని రక్తంలోనూ అనుక్షణం సాగుతూనే ఉంటుంది. దానిని నాలుక గాని, వేళ్ళు గాని పసిగట్టలేవు. అది తప్పినప్పుడు మాత్రం ప్రాణమే ప్రమాదంలో పడుతుంది.

ఆమ్ల, క్షార గుణాలను తెలిపే కొలమానాన్ని పి.హెచ్. అంటారు. 1909లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో సోరెన్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త దీనిని ప్రవేశపెట్టాడు. శుద్ధజలం పి.హెచ్. 7. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఆరోగ్యవంతుని ధమనీ రక్తంలో ఇది 7.35 నుండి 7.45 వరకు ఉంటుంది. ఈ హద్దుకు దిగువన ఉంటే ఆమ్లాధిక్యత, ఎగువన ఉంటే క్షారాధిక్యత. అంకెలలో భేదం అల్పంగా తోచినా దాని ఫలితం అల్పం కాదు. పి.హెచ్. 7.4 నుండి 7.1కి దిగితే రక్తంలో హైడ్రోజన్ అయాన్ల గాఢత రెట్టింపవుతుంది.

ఆహారం శక్తిగా మారే క్రమంలో శరీరంలో నిరంతరం ఆమ్లాలు పుడుతుంటాయి. అయినా తూకం చెడకుండా మూడు అంచెల రక్షణ ఉంది. మొదటిది రక్తంలోనే ఉంది. బైకార్బొనేట్, మాంసకృత్తులు మొదలైనవి అదనపు ఆమ్లాన్ని తక్షణమే అదుపు చేస్తాయి. రెండవది ఊపిరితిత్తులు. కణాలలో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ వాయువును నిశ్వాసం వెలుపలికి పంపుతుంది. ఆమ్లం పెరిగినకొద్దీ మెదడు శ్వాసను వేగిరపరచి, కొద్ది నిమిషాలలోనే తూకాన్ని సరిచేయ ప్రయత్నిస్తుంది. మూడవది మూత్రపిండాలు. ఇవి ఆమ్లాన్ని మూత్రంలోకి విసర్జించి, బైకార్బొనేట్‌ను రక్తానికి తిరిగి చేరుస్తాయి. ఈ పని పూర్తికావడానికి గంటలు, ఒక్కొక్కప్పుడు రోజులు పడుతుంది.

ఈ రక్షణకు మించిన ఒత్తిడి కలిగినప్పుడు తూకం తప్పుతుంది. తీవ్రమైన అతిసారంలో బైకార్బొనేట్ నీళ్ళతో పాటు పోవడం వల్ల ఆమ్లాధిక్యత ఏర్పడుతుంది. ఓ.ఆర్.ఎస్. పొట్లంలో సిట్రేట్ లవణం ఉండేది దీనిని సరిదిద్దడానికే. ఆగని వాంతులలో జఠరరసంలోని ఆమ్లం పోయి క్షారాధిక్యత కలుగుతుంది. ఇన్సులిన్ అందని మధుమేహ రోగి రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకుంటాయి. అతడు దీర్ఘంగా, వేగంగా శ్వాసించడం ఆ ఆమ్లభారాన్ని తగ్గించుకొనడానికి శరీరం చేసే ప్రయత్నమే.

తూకం తప్పిందని తెలిస్తే చాలదు. ఎటు మొగ్గిందో తెలియాలి. ఈ సత్యాన్ని లోకానికి తెలిపిన సంఘటన కూడా కోపెన్‌హాగన్‌లోనే జరిగింది. 1952లో ఆ నగరాన్ని పోలియో మహమ్మారి ముట్టడించింది. శ్వాసకండరాలు చచ్చుబడిన రోగులు బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి వెల్లువలా వచ్చారు. కృత్రిమ శ్వాసయంత్రాలు అక్కడ ఏడే ఉన్నాయి. వాటితో చికిత్స పొందిన తొలి 31 మందిలో 27 మంది మరణించారు. రోగుల రక్తపరీక్షలలో బైకార్బొనేట్ పాలు అధికంగా కనిపించింది. వైద్యులు దానిని అంతుపట్టని క్షారాధిక్యతగా భావించారు.

మత్తువైద్య నిపుణుడైన బ్యోర్న్ ఇబ్సెన్ ఈ అభిప్రాయంతో ఏకీభవించలేదు. రోగులు నిశ్వాసంతో కార్బన్ డయాక్సైడ్‌ను వెలుపలికి పంపలేకపోతున్నారని, అది రక్తంలో నిలిచిపోయి కార్బోనిక్ ఆమ్లంగా మారుతున్నదని, ఆ ఆమ్లం విడిపోగా ఏర్పడిన బైకార్బొనేట్‌నే పరీక్ష చూపుతున్నదని ఆయన తర్కించాడు. రోగుల రక్తం పి.హెచ్.ను కొలిచి చూడగా అది హద్దుకు దిగువనే ఉంది. అనగా క్షారాధిక్యత అనుకొన్నది నిజానికి తీవ్రమైన ఆమ్లాధిక్యత!

ఆగస్టు 27న, మరణానికి చేరువైన పన్నెండేళ్ళ బాలికకు ఇబ్సెన్ కొత్తవిధంగా చికిత్స చేశాడు. ఆమె గొంతు వద్ద శ్వాసనాళానికి రంధ్రం చేయించి, అందులో గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఊపిరితిత్తులలోకి గాలిని పంపాడు. పేరుకొన్న కార్బన్ డయాక్సైడ్ వెలుపలికి పోయింది. బాలిక ప్రాణాలతో బయటపడింది.

అయితే చేతితో సంచిని నొక్కవలసిన రోగులు పదుల సంఖ్యలో ఉన్నారు. ఒక్కొక్కరికి రేయింబవళ్ళు, వారాల తరబడి ఊపిరి పోయాలి. అందుకు సుమారు 1500 మంది విద్యార్థులు ముందుకు వచ్చారు. వారిలో అత్యధికులు వైద్యవిద్యార్థులు. వంతులవారీగా రోగి తలాపున కూర్చొని, తమ చేతులనే రోగికి శ్వాసకండరాలుగా చేసి వారు సేవ చేశారు. క్రమంగా మరణాలు నూటికి సుమారు 25కు తగ్గాయి.

ఈ అనుభవం నుండే 1953లో కోపెన్‌హాగన్‌లో ఇబ్సెన్ ఇంటెన్సివ్ కేర్ విభాగాన్ని నెలకొల్పాడు. ఆధునిక వైద్యంలో ఆ విధమైన విభాగాలకు అదే నాంది. బ్లెగ్‌డామ్ ప్రయోగశాల అధిపతి పౌల్ ఆస్ట్రప్ రక్తంలోని ఆమ్ల, క్షార స్థితిని త్వరితంగా నిర్ధారించే పద్ధతిని రూపొందించాడు. ధమని నుండి కొద్దిపాటి రక్తం తీసి పి.హెచ్., కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్ విలువలను కలిపి పరిశీలించడం నేడు అత్యవసర వైద్యంలో నిత్యకృత్యం.

కోపెన్‌హాగన్‌లో పరీక్ష చూపిన అంకె తప్పు కాదు. దానికి చెప్పుకొన్న అర్థమే తప్పు. ఒక్క అంకెను ఒంటరిగా చూసి తీర్పు చెప్పక, దాని వెనుక కారణాన్ని అన్వేషించినప్పుడే రోగికి ఊపిరి అందింది. కారణాన్ని కనుగొన్నది శాస్త్రజ్ఞానం. ఆ జ్ఞానాన్ని ప్రాణంగా మార్చినవి అలసట ఎరుగని యువజనుల చేతులు.