ఊరికో కుంచం: జన్యు ఫలితాల కలబోతపై అపోహలు – వాస్తవాలు

వరి మొక్క నీట మునిగితే దాని కణాల్లో కొన్ని జన్యువులు జోరందుకుంటాయి, కొన్ని మందగిస్తాయి. ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో దాని ఆర్‌ఎన్‌ఏ ప్రతుల్ని కొలిచి తెలుసుకోవడమే జన్యు వ్యక్తీకరణ అధ్యయనం. ఒక్కో స్థితికి మూడు నమూనాలతోనే ముగిసే అధ్యయనాలు ఎక్కువ. అంత తక్కువ నమూనాలతో గట్టిగా ఏదీ చెప్పలేరు గనుక పలుచోట్ల వచ్చిన ఫలితాలను కలిపి చూస్తారు. దీన్నే మెటా విశ్లేషణ అంటారు. అమెరికాలోని జీఈఓ అనే జన్యు వ్యక్తీకరణ భాండాగారంలో ఈ అధ్యయనాల సమాచారం ఉచితం. గణాంకాలకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్, దానికి తోడైన బయోకండక్టర్ ప్యాకేజీలు కూడా ఉచితమే. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే ఆమదాలవలసలోని వ్యవసాయ విద్యార్థి సైతం ఈ పని మొదలుపెట్టవచ్చు. నాగావళి, వంశధార పొంగినప్పుడల్లా చేలు మునిగే శ్రీకాకుళం జిల్లాకు ముంపును తట్టుకునే జన్యువుల సంగతి దగ్గరి విషయమే. పని సులువుగా మొదలవుతుంది కాబట్టే అపోహలూ పెరిగాయి.

అపోహ: అన్ని అధ్యయనాల ముడి అంకెలనూ ఒకే పట్టికలో పోసి లెక్కిస్తే చాలు.

వాస్తవం: ధాన్యాన్ని కుంచాలతో కొలిచిన రోజుల్లో ఊరు మారితే కుంచం పరిమాణమూ మారేది. రెండు ఊళ్ల కుంచాలను కూడి మొత్తం పంట ఇంత అంటే ఆ లెక్క నిలవదు. కానీ ఒక ఊళ్లో ఎరువు వేసిన మడి, వేయని మడికంటే రెట్టింపు పండిందని ఆ ఊరి కుంచంతోనే తేలితే, ఆ రెట్టింపును పక్క ఊరి ఫలితంతో నిశ్చింతగా పోల్చవచ్చు. జన్యువుల లెక్కా ఇంతే. ఆర్‌ఎన్‌ఏ ప్రతుల్ని లెక్కించే రెండు పద్ధతుల్లో మైక్రోఅరే కొలిచేది మెరుపు తీవ్రతను, ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ కొలిచేది చదివిన ముక్కల సంఖ్యను. ఈ రెండింటికీ ఉమ్మడి కొలమానం లేదు. అందుచేత ప్రతి అధ్యయనంలోనూ మునిగిన మొక్కకూ మునగని మొక్కకూ తేడా ఎంతో, ఆ అంచనాలో దోషం ఎంతో లిమ్మా వంటి ప్యాకేజీతో విడిగా లెక్కగట్టాలి. ఆ తేడాలను ఆ తర్వాత మెటాఫర్ వంటి ప్యాకేజీతో కలపాలి. దోషం తక్కువున్న అధ్యయనానికి బరువు ఎక్కువ పడుతుంది. రకం, మొక్క వయసు, ముంపు గంటలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి, అసలు ప్రభావమే చోటునుబట్టి మారుతుందని ఒప్పుకునే యాదృచ్ఛిక ప్రభావాల నమూనా ఇక్కడ ఎక్కువ నమ్మదగినది.

అపోహ: ప్రయోగశాలల మధ్య తేడాలను సాఫ్ట్‌వేర్ తుడిచేస్తుంది.

వాస్తవం: 2007లో వచ్చిన కాంబ్యాట్ పద్ధతి కొంతవరకు ఆ పని చేస్తుంది. అయితే మునిగిన మొక్కలన్నీ ఒక ప్రయోగశాలవి, మునగనివన్నీ ఇంకోదానివి అయితే తేడా నీటివల్ల వచ్చిందా, ప్రయోగశాలవల్ల వచ్చిందా అన్నది ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. అదే 2007లో ఐరోపా, ఆసియా సంతతుల కణాల్లో సుమారు నాలుగోవంతు జన్యువులు వేర్వేరుగా పనిచేస్తున్నాయని నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఐరోపా నమూనాలను ఎక్కువగా 2003, 2004లలో, ఆసియా నమూనాలను 2005, 2006లలో పరీక్షించారని ఇతర శాస్త్రవేత్తలు ఆ ఏడాదే ఎత్తిచూపారు. సంతతికీ సంవత్సరానికీ ముడి పడిపోయింది. ఆ ముడి విప్పే మార్గం లెక్కల్లో లేదు, ప్రయోగాన్ని ముందే సరిగ్గా అమర్చుకోవడంలోనే ఉంది.

అపోహ: ఎక్కువ అధ్యయనాల్లో పి-విలువ 0.05 దాటితే ఆ జన్యువును వదిలేయాలి.

వాస్తవం: ప్రభావమేమీ లేకున్నా కాకతాళీయంగా అంత తేడా కనిపించే అవకాశమే పి-విలువ. దాన్ని ఓట్లు లెక్కపెట్టినట్టు చూడటం వల్ల బలహీనమైనా నిలకడైన సంకేతం చేజారుతుంది. మూడు అధ్యయనాల్లోనూ పి-విలువ 0.08 అనుకుంటే, ఓట్ల లెక్కలో ఆ జన్యువుకు వచ్చేది సున్నా. ఫిషర్ పద్ధతిలో ఆ మూడూ కలిస్తే సుమారు 0.019 అవుతుంది. పొలం ప్రయోగాలకు పేరుపడ్డ ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో పనిచేస్తుండగా రోనాల్డ్ ఫిషర్ 1932లో ఈ సూత్రం ఇచ్చారు.

ఆ సూత్రంలోనూ ఒక లోపం ఉంది. పి-విలువకు దిక్కు తెలియదు. ఒక అధ్యయనంలో జన్యువు పెరిగి 0.001, మరోదానిలో తగ్గి 0.001 వచ్చినా ఫిషర్ పద్ధతి సుమారు 0.000015 అని ఘనమైన ఫలితమే చూపిస్తుంది. నిజానికి ఆ రెండూ ఒకదాన్నొకటి కాదంటున్నాయి. దిక్కును లెక్కలోకి తీసుకోని కలబోతను నమ్మకూడదు. జన్యువులు వేలల్లో ఉంటాయి కాబట్టి కాకతాళీయంగా వచ్చే తప్పుడు ఫలితాలకు సవరణ కూడా తప్పనిసరి. ఏ ప్రభావమూ లేని 30,000 జన్యువులను పరీక్షించినా 0.05 గీత దగ్గర దాదాపు 1,500 తప్పుగా గెలుస్తాయి.

అపోహ: కలబోత తుది జాబితాలో లేని జన్యువుకు ముంపును తట్టుకోవడంలో పాత్ర లేదు.

వాస్తవం: ఇది తప్పని చూపడానికి సబ్1ఎ జన్యువుకు మించిన ఉదాహరణ ఉండదు. ఒడిశా వరి ఎఫ్‌ఆర్13ఎ రెండు వారాలదాకా మునకను ఓర్చుకోవడానికి మూలమైన సబ్1ఎ జన్యువును 2006లో వెల్లడించారు. అది కాండం సాగకుండా ఆపి, మొక్కలోని పిండిపదార్థాన్ని దాచిపెడుతుంది. మార్టేరు పరిశోధన కేంద్రంనుంచి వచ్చిన స్వర్ణ వరికి దాన్ని చేర్చి రూపొందించిన స్వర్ణ-సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది. అయితే సీక్వెన్సింగ్ ముక్కలను సరిచూసుకోవడానికి ప్రపంచమంతా వాడే నిప్పన్‌బారే అనే జపాన్ వరి జన్యుపటంలో సబ్1ఎ లేనే లేదు. ఆ పటం మీద ఎన్ని అధ్యయనాలు కలిపినా సబ్1ఎ పేరు బయటికి రాదు; దాని ముక్కలు తోబుట్టువులైన సబ్1బి, సబ్1సి ఖాతాల్లో పడే ప్రమాదమూ ఉంది. పేర్ల చిక్కు మరొకటి: వరి జన్యువులకు రాప్, ఎంఎస్‌యూ అని రెండు గుర్తింపు పద్ధతులున్నాయి, ఒకదాని పేరుకు రెండోదానిలో సరైన జోడీ అన్నిసార్లూ దొరకదు. అందుకే కలపడానికి ముందు ప్రతి సీక్వెన్సింగ్ అధ్యయనపు ముడి ముక్కలనూ తిరిగి తీసుకుని, సబ్1ఎ ఉన్న ఒకే జన్యుపటంతో, ఒకే పేర్ల పద్ధతితో మళ్లీ లెక్కించుకోవాలి.