ఎండకో నూనె... వానకో నూనె!

కిర్రు... కిర్రు... కిర్రు!

రెండు రోజులు వాన పడ్డాక సైకిల్ బయటకు తీస్తే వినిపించే పాట ఇదే. వెంటనే వంటింట్లోంచి కొబ్బరినూనె సీసా వచ్చేస్తుంది. నాలుగు చుక్కలు పడగానే చప్పుడు మాయం. కానీ చైనుకు అసలు కష్టాలు మొదలయ్యేది అక్కడే!

కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. పైగా దుమ్ముతో కలిసి జిడ్డు పేరుకుంటుంది. బండిలోంచి తీసేసిన పాత ఇంజిన్ ఆయిలూ అంతే. అందులో మసి, సన్నటి లోహపు రజను ఉంటాయి.

మరేం వేయాలి? అది వాతావరణాన్ని బట్టి ఉంటుంది.

ఎండాకాలం పొడిగా...

ఎండల్లో శత్రువు దుమ్ము. అందుకే పలుచటి 'డ్రై ల్యూబ్' మేలు. ఇందులోని ద్రావణి ఆవిరైపోయి మైనంలాంటి పొర మిగులుతుంది. దానికి దుమ్ము తక్కువ అంటుకుంటుంది. రాత్రి వేసి ఆరనిస్తే పొద్దునకు సిద్ధం. ఇది దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె వాడుకోవచ్చు. కాకపోతే తరచూ వేయాలి. ఒక్క గట్టి వాన పడితే రెండూ కొట్టుకుపోతాయి.

వానాకాలం చిక్కగా...

నీళ్లకు తొందరగా కరిగిపోని చిక్కటి 'వెట్ ల్యూబ్' అప్పుడు కావాలి. జూన్‌లో నైరుతి వానలు మొదలయ్యే ముందే మార్చుకోవాలి. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా పడతాయి కాబట్టి అక్కడ ఇంకొన్నాళ్లు కొనసాగించాలి. వానలు వెళ్లాక కూడా అదే ఉంచితే దుమ్ము పట్టి చైనును సానరాయిలా అరగదీస్తుంది.

మార్చేదెలా?

పాత జిడ్డు మీద కొత్త నూనె పోయకూడదు. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో, పాత టూత్‌బ్రష్‌తో చైనును శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వాలి. ఈ పని పొయ్యికి దూరంగా, ఆరుబయట చేయాలి. తర్వాత ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేసి, పెడల్‌ను కాసేపు వెనక్కి తిప్పాలి. రాపిడి ఉండేది లోపలి పిన్నుల దగ్గర కాబట్టి నూనె అక్కడికి చేరాలి. పైన మెరిసేదాన్ని పొడిగుడ్డతో తుడిచేయాలి. అది దుమ్మును పట్టడానికే పనికొస్తుంది! రిమ్ముకు మాత్రం చుక్క కూడా తగలనీయొద్దు... బ్రేకు పట్టదు.

స్కేలు చెప్పే నిజం

చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. అంటే 24 లింకులు కలిపి సరిగ్గా 12 అంగుళాలు. స్టీలు టేపుతో పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు కొలవండి. ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కువొస్తే చైను మార్చాల్సిందే. మూడు మిల్లీమీటర్లు దాటితే పళ్ల చక్రాలూ అరిగిపోయినట్టే, ఖర్చు పెరిగినట్టే.

ఖర్చు సంగతి సరే. బడికెళ్లే పాప రోడ్డు దాటుతూ లేచి నిలబడి గట్టిగా తొక్కినప్పుడు అరిగిన చైను పళ్ల మీంచి జారితే..? పడేది నడిరోడ్డు మీదే. ఆ ప్రమాదాన్ని తప్పించేది నెలకు పావుగంట శ్రమ, కాసిని చుక్కల నూనె.

మరి ఈ ఆదివారం మీ ఇంటి సైకిల్ ఏమంటోందో ఒక్కసారి చెవిపెట్టి వినండి!