నూటయిరువది సెకండ్ల కావలి

బద్వేలుకు ఉత్తరముననున్న పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి కలదు. మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు అచ్చట చెరువు కట్టించి, ఉత్తమమగు తటాకమునకు వలయు పండ్రెండు సాధనములను, దానిని చెఱచు ఆఱు దోషములను శిలపై చెక్కించెను. కట్ట తెగకమునుపే ఏది దోషమో లెక్కించి పెట్టుకొనిన ఆ సీమవారి ముందుచూపు నెఱిగినవానికి, 1991లో జన్మించిన లినక్సు కెర్నెలు తనలో చిక్కుపడి నిలిచిపోయిన పనులను తానై గుర్తించు సాధనమొకటి లేకయే పదునేడేండ్లు నడచినదనిన విస్మయము కలుగక మానదు.

ప్రాసెసరును, మెమరీని, డిస్కును నానాకార్యక్రమములకు పంచియిచ్చు మూలభాగము కెర్నెలు. దాని యేలుబడిలోని పనులలో అధికభాగము ఏ క్షణమున చూచినను నిద్రించుచునే యుండును. ఈ నిద్ర రెండు విధములు. కీబోర్డు మీటకొఱకో, నెట్‌వర్కునుండి రావలసిన వార్తకొఱకో వేచియున్న పని పిలిచిన మేల్కొనును, చంపదలచిన చచ్చును. డిస్కునుండి సమాచారము మెమరీలోనికి దిగుచున్నవేళ నిద్రించు పని మాత్రము ఏ పిలుపునకును పలుకదు. పలుకరాదు కూడ, ఏలనన ఆ పనిని నడుమ తొలగించి దాని మెమరీని వేఱొకదానికి ఒసగినచో, డిస్కు తాను మొదలిడిన వ్రాతను ఆ పరాయి స్థలముననే పూర్తిచేయును. పనుల పట్టికలో ఈ స్థితికి 'డి' అను అక్షరము గుర్తు. సాధారణముగా ఇది మిల్లీసెకండ్లలో ముగియునది. కాని డిస్కు చెడినను, ఆవలనున్న సర్వరు మూగవోయినను, రెండు పనులు చెఱియొక తాళమును పట్టుకొని రెండవదానికై ఎదురుచూచినను, ఆ నిద్రకు అంతముండదు. 'కిల్' ఆజ్ఞలలో తీవ్రతమమగు తొమ్మిదవ సంకేతము సైతము దానిని కదల్పజాలదు. ఇట్టి యంత్రమును చూచువాడు భ్రమపడుట సులభము: ప్రాసెసరు ఊరకయుండును, భారమును తెలుపు సంఖ్య మాత్రము పెరుగుచుపోవును. 1993 నుండి లినక్సు ఆ సంఖ్యలో 'డి' స్థితినున్న పనులనుకూడ చేర్చుచున్నది.

2008 ఆరంభమున హంగరీ దేశీయుడగు ఇంగో మోల్నార్ ఈ అంతులేని నిద్రకొక కావలిని కల్పించెను. ప్రాసెసరును వదలక పట్టుకొనిన పనిని కనిపెట్టు యంత్రాంగమొకటి అప్పటికే యుండగా, ఆయన దానికే ఈ కర్తవ్యమును అదనముగా తగిలింపగా, 2.6.25వ కూర్పులో అది లోకమునకు వచ్చెను. మఱుసటి యేడు మన్‌దీప్ సింగ్ బైన్స్ దానిని వేఱుచేసి, 'కేహంగ్‌టాస్క్‌డీ' అను పేర స్వతంత్రమైన థ్రెడ్డుగా నిలిపెను. దాని నేర్పంతయు నిరాడంబరతలో నున్నది. ప్రతి పనియు ప్రాసెసరును ఎన్నిమారులు విడిచినదో కెర్నెలు లెక్క వ్రాసియుంచును. కావలి 120 సెకండ్లకొకమారు మేల్కొని, 'డి' స్థితినున్న ప్రతిదాని లెక్కను తాను వెనుక వ్రాసికొనినదానితో పోల్చును. లెక్క మారినచో ఆ పని నడుమ ఒకమారైనను కదలినదన్నమాట. క్రొత్తలెక్క వ్రాసికొని ముందునకు సాగును. మారనిచో దాని పేరును, సంఖ్యను, అది ఏయే ఫంక్షనులలోనికి దిగి తుదకెచ్చట ఆగినదో తెలుపు వరుసను 'లాగు' అను చిట్టాలో నమోదుచేయును. పదిమారులు హెచ్చరించి, పిదప మౌనము వహించును.

చిత్రమేమనగా, కాలపరిమితిని సున్నచేసి తన నోరు మూయు ఉపాయమును ఆ హెచ్చరికయే చెప్పును. చాలమంది చదువునది ఆ వాక్యమొక్కటే యని నా యనుమానము. బద్వేలువంటి ఊర పెండ్లిండ్ల కాలమున ఫొటోస్టూడియోవారు వేలకొలది చిత్రములను నాసిరకపు పెన్‌డ్రైవులోనికి ఎక్కించునపుడు, వ్రాయవలసినది మెమరీలో పేరుకొని, పని రెండు నిమిషములు దాటినను కదలకుండుట వింతకాదు. అచ్చట వ్యాధి లేదు, మందగమనమే యున్నది. పరిమితిని పెంచుట చెల్లును. చెడుచున్న డిస్కుగల సర్వరునందు అదే చేయుట తెలిసితెలిసి కన్నుమూసికొనుటయే.

అదే 2.6.25వ కూర్పున మాథ్యూ విల్‌కాక్స్ మూడవ తెఱగు నిద్రనుకూడ ప్రవేశపెట్టెను: అది చిల్లర పిలుపులను వినదు, మరణాజ్ఞను మాత్రము వినును. నెట్‌వర్కు ఫైళ్లకై వేచి బిగుసుకొనిపోవు పనులను వదలించుకొను మార్గము దానితో దొరకెను.

అయినను మౌలికమగు కొఱత యొకటి మిగిలెను. కావలి చూపుచుండినది బాధితునే గాని బాధకుని కాదు. చెరువుక్రింద కడపటి మడి రైతు నీరు రాలేదని మొఱపెట్టుకొనగా, నీరుగంటి ఆ రైతు పేరు వ్రాసికొని, పైన కాలువకు అడ్డువేసినదెవడని విచారింపకయే మరలిపోయినట్లుండెను. విచారణ భారమంతయు ఇంజనీరు మీద పడెను. అతడు ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ, డబ్ల్యూ మీటలను కలిపినొక్కి ఆగిపోయిన పనులన్నిటి వరుసలను ఒక్కమారుగా వెలికితీయును. తాళములను పట్టుకొను క్రమములో చిక్కు సంభవింపగలదేమో ముందే చెప్పు 'లాక్‌డెప్'ను, 2006లో మోల్నారే రచించినదానిని, ఆశ్రయించును. నడచుచున్న కెర్నెలులో కోరినచోట చెవియొగ్గి వినగల 'కేప్రోబ్స్'ను ప్రయోగించును. ఈ కేప్రోబ్స్ తొలిరూపమును 2002లో వ్రాసినవాడు ఐబీఎం భారతశాఖకు చెందిన ఎస్. వంశీకృష్ణ. అదే విద్యను వాడుకరి కార్యక్రమములకు విస్తరించిన 'యూప్రోబ్స్' 2012లో కెర్నెలున చేరినపుడు దాని కర్తలలో శ్రీకర్ ద్రోణంరాజు ఒకడు. తెలుగువాని చెవికి పరాయివికాని ఈ పేర్లను ఇచ్చట స్మరింపక పోలేను.

కేప్రోబ్స్ పోషణభారమును పిదప వహించినవారిలో ఒకడగు జపాను దేశీయుడు మసామి హిరమత్సుయే, కావలి పుట్టిన పదునేడేండ్లకు, 2025లో, ఆ కొఱతను కొంత తీర్చెను. మ్యూటెక్సు అను తాళము తన్ను పట్టుకొనిన పని యేదో తనలోనే గుర్తుంచుకొనును. వేచియున్న పనియు తాను ఏ తాళమునకై వేచినదో వ్రాసియుంచినచో, బాధితుని వెనువెంటనే బాధకుని పేరును, వాడెచ్చట నిలిచియున్నాడో తెలుపు వరుసను అచ్చొత్తుట సాధ్యమగును. ఇంత సులభమునకు ఇన్నేండ్లేల పట్టినదని చదువరి అడుగవచ్చును. మ్యూటెక్సు మిక్కిలి తఱచుగా నడచు త్రోవ గనుక, అచ్చట ఒక్క వ్రాతను చేర్చుటకును కెర్నెలువారు జంకుటయే కారణము కావచ్చును.

ఆ యేడే ల్యాన్స్ యాంగ్ దీనిని సెమాఫోరులను మఱియొక తెఱగు తాళములకు విస్తరించెను. సెమాఫోరునకు నిశ్చితమగు యజమాని యుండడు గనుక, అచ్చటి హెచ్చరిక 'బహుశా' అను మాట చేర్చియే చివరగా పట్టుకొనిన పనిని పేర్కొనును. డిస్కుకొఱకో, దూరపు సర్వరుకొఱకో వేచిన పనికి చెప్పదగిన పేరే దొరకదు. అట్టియెడ ఇంజనీరు ఆ చిట్టాను కట్టిపెట్టి, కేబులును డిస్కును ఊడదీసి పరీక్షింపవలసియే వచ్చును.