పడినా నష్టం లేని కొండ

గెంతడం, ఎక్కడం, అంచు తప్పితే ప్రాణం పోగొట్టుకుని మళ్లీ మొదలుపెట్టడం. మారియో కాలం నుంచీ ప్లాట్‌ఫార్మర్ గేములంటే చాలామందికి తెలిసింది ఇదే. చేతివేళ్లు చురుగ్గా కదలనివాళ్లు వాటి జోలికి పోకపోవడానికి కారణం కూడా ఇదే. అలాంటివాళ్లకు నేను ముందుగా చూపించే ఆట ‘ఎ షార్ట్ హైక్’.

ఇది 2019లో వచ్చింది. కెనడాకు చెందిన ఆడమ్ రాబిన్సన్‌-యూ తాను చేస్తున్న పెద్ద ఆటను కొంతకాలం పక్కనపెట్టి దీన్ని తయారుచేశారు. సంగీతం మార్క్ స్పార్లింగ్‌ది. పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండా ఇలా కొద్దిమంది చేసే ఆటల్ని ఇండీ గేములంటారు. 2020లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ ప్రధాన బహుమతి దీనికే దక్కింది.

కథ చిన్నది. క్లెయిర్ అనే పక్షిపిల్ల సెలవులకు మే ఆంటీ దగ్గరికి, ఒక దీవిలోని కొండ పార్కుకు వస్తుంది. తనకొక ముఖ్యమైన ఫోన్ రావాలి. కింద సిగ్నల్ లేదు, శిఖరం మీదే దొరుకుతుంది. ఆ ఫోన్ ఎవరిదో, ఎందుకో ఆడేవాళ్లే తెలుసుకోవాలి.

పక్షే అయినా క్లెయిర్ నేల మీది నుంచి నేరుగా కొండెక్కేంత ఎగరలేదు. అందుకు బంగారు ఈకలు కావాలి. ఒక్కో ఈకకు గాల్లో ఒక్కోసారి అదనంగా రెక్క కొట్టవచ్చు. నిటారు రాతిగోడ ఎక్కుతున్నప్పుడూ ఖర్చయ్యేది ఈకలే. అవి అయిపోతే పట్టు జారుతుంది, కాలు నేలకు ఆనగానే మళ్లీ నిండుతాయి. అంటే ఈకలు తక్కువున్నవాళ్లకు శిఖరం అందదు. కానీ ‘ఇక్కడికి రావద్దు’ అని తలుపు వేసినవాళ్లెవరూ లేరు, మన శక్తే మన హద్దు. ఆ ఈకలు దీవి అంతటా చెల్లాచెదురుగా ఉంటాయి, కొన్నింటిని నాణేలిచ్చి కొనుక్కోవాలి.

నన్ను బాగా ఆకట్టుకున్నది పడిపోవడం. గోడ సగంలో పట్టు జారిందనుకోండి, బటన్ నొక్కి పట్టుకుంటే క్లెయిర్ రెక్కలు చాచి గాల్లో తేలుతూ దిగుతుంది. దెబ్బ తగలదు, ప్రాణం పోదు. పైగా ఎక్కేటప్పుడు గోడ తప్ప ఏమీ కనిపించని మనకు, దిగేటప్పుడు దీవి అంతా పరుచుకుని కనిపిస్తుంది. అదిగో ఒక పెట్టె, ఆ మలుపులో ఎవరో నిలబడి ఉన్నారు, అక్కడేదో వాగు. శిఖరానికి బయలుదేరినవాళ్లం దారి మార్చి అటు దిగుతాం. అక్కడ ఒకరు పోగొట్టుకున్న తలపట్టీ వెతికిపెట్టమంటారు, మరొకరు చేపలు పట్టడం నేర్పుతారు. చాలా ఆటల్లో అన్వేషణ అంటే మ్యాపు మీద గుర్తుల వెంట పరుగు. ఇక్కడ తెరమీద మ్యాపే లేదు. దారి చూపేవి బోర్డులు, ఎదురైనవాళ్ల మాటలు, పైనుంచి మన కళ్లు చూసినవి. ఎత్తు నుంచి ఇంత ఉదారంగా దారి చూపే ఆటలు అరుదు.

శిఖరం దగ్గర చలికి ఈకలు గడ్డకడతాయి, అక్కడ మాత్రం కొంచెం ఓపిక పట్టాలి.

రెండు గంటలలోపే శిఖరం చేరొచ్చు. కంప్యూటర్ మీద, నింటెండో స్విచ్ మీద కూడా ఆడొచ్చు. ఒక్కటే మనవి: ఈకలు ఎక్కడెక్కడున్నాయో చూపించే గైడ్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, మొదటిసారి వాటిని తెరవకండి. ముందు సముద్రపు ఒడ్డు వైపు వెళ్లి, కనిపించినవాళ్లందరినీ పలకరించండి.