మత్తు తెప్పించే అలర్జీ మందు

గొంగళిపురుగు పాకి ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, తిరుమల ఘాట్‌ రోడ్డులో బస్సు తిరుగుతుంటే పిల్లలకు వాంతులు పట్టుకున్నా, చాలా ఇళ్ళల్లో ముందుగా గుర్తొచ్చే పేరు ఫెనర్గాన్‌. ఇందులో ఉండే మందు ప్రోమెథజీన్‌. 10, 25 మిల్లీగ్రాముల మాత్రలుగానూ, సిరప్‌గానూ దొరుకుతుంది. ఇంజక్షన్‌ కూడా ఉంది, అది డాక్టర్ల పని, మనకెందుకు!

ఒంటికి పడనిది తగిలితే శరీరంలో హిస్టమిన్‌ అనే పదార్థం విడుదలై దురద, తుమ్ములు తెస్తుంది. ఈ మందు దానికి అడ్డుపడుతుంది. అయితే మనల్ని మెలకువగా ఉంచడానికి మెదడుకు కావలసిందీ ఆ హిస్టమినే. ఫెనర్గాన్‌ మెదడులోకి సులువుగా చేరుతుంది, అందుకే ఆ మత్తు. సెట్రిజిన్‌ వంటివి అంతగా చేరవు. అయినా కొందరు దానికీ తూగుతారు.

ఈ మత్తు చూసే, "రైల్లో వాడు అల్లరి చెయ్యకుండా పడుకుంటాడులే" అని ఒక చెంచాడు పట్టించే తల్లులున్నారు. అమ్మా, ఆ పని మాత్రం చెయ్యకండి. రెండేళ్ళలోపు పిల్లలకు ఈ మందు అసలు పనికిరాదు. ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. ఆ వయసు దాటినవాళ్ళకైనా డాక్టరు చెప్పిన మోతాదే. కొందరు పిల్లలు ఈ మందు వేస్తే నిద్రపోకపోగా మరింత గంతులేస్తారు. పడుకోలేదు కదా అని ఇంకో చెంచా పోస్తే ఏమవుతుందో ఆలోచించండి. చెంచా అంటే వంటింటి చెంచా కాదు సుమండీ, సీసాతో వచ్చే కొలత మూత. మన చెంచాల్లో ఏ రెండూ ఒక కొలతకు రావు.

ఇంకో సంగతి. జలుబు సిరప్పులు చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్‌ ఉంటుంది. అదీ ఈ కుటుంబానిదే. జలుబుకు అదీ, దురదకు ఇదీ పోస్తే మత్తు రెట్టింపవుతుంది. క్లోర్‌ఫెనిరమిన్‌, ఫినైలెఫ్రిన్‌ కలిసిన మందులు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద రాయాలని 2023 డిసెంబరులో మన దేశపు ఔషధ నియంత్రణాధికారులు ఆదేశించారు. కొనేటప్పుడు లేబుల్‌ చదవండి.

ఇంట్లో పెద్దవాళ్ళకు మీ అంతట మీరు ఇవ్వకండి. రాత్రి లేచి తూలిపడతారు, మతి తికమకపడుతుంది. గ్లాకోమా ఉన్నవాళ్ళకూ, మూత్రం సరిగా రాని మామగార్లకూ ఆ బాధ ఎక్కువవుతుంది. నిద్రమాత్రలతోనూ, మద్యంతోనూ కలవకూడదు. రాత్రి వేసుకున్న మత్తు తెల్లారినా ఉండవచ్చు గనుక స్కూటరు జోలికి పోవద్దు. గర్భిణులు, బాలింతలు డాక్టరుని అడిగి వాడాలి.

దద్దుర్లతో పాటు పెదవులు, నాలుక వాచి ఊపిరాడకపోతే మాత్ర వేసి చూద్దామని కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మందు పట్టిన బిడ్డ లేపినా లేవకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా అంతే. ఆ సీసా కూడా వెంట పట్టుకెళ్ళండి. ఎంత పోశారో, ఎన్నింటికి పోశారో డాక్టరు ముందు అదే అడుగుతారు.