లారీ కిస్తీ: నష్టం ఎవరి వంతు?

గోదావరిఖని బొగ్గు, బసంత్‌నగర్ సిమెంటు, కరీంనగర్ గ్రానైటు, కోతల కాలంలో వడ్లు: ధర్మపురి పరిసరాల లారీలకు కిరాయి దొరికేది వీటితోనే. వరి కోతలప్పుడు లారీకి తీరికుండదు. వానలు ముదిరితే వారాల తరబడి రోడ్డు పక్కనే నిలుస్తుంది. కిస్తీ మాత్రం నిలవదు. ఒక లారీ కిస్తీలు తీరకముందే రెండవది, మూడవది కొన్న యజమానికి ఈ భారం మరీ ఎక్కువ.

ఒక లెక్క చూద్దాం. 30 లక్షల అప్పుకు నాలుగేళ్ల గడువు, "పది శాతమే" అన్న మాట. మొత్తం అసలుపై నాలుగేళ్లూ పది శాతం కడితే వడ్డీ 12 లక్షలు, నెలకు 87,500 రూపాయల కిస్తీ. కాని అసలు నెలనెలా తగ్గుతోంది కదా! తగ్గే అసలుపై లెక్కిస్తే ఆ రేటు ఏడాదికి 17 శాతం దాటుతుంది. వాస్తవ వార్షిక రేటును పత్రంలో చూపాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2024 అక్టోబరు నుంచి చిన్న సంస్థల రుణాలకూ వర్తిస్తోంది. ఆ పత్రం అడిగి తీసుకోవాలి.

రేటు తగ్గినంత మాత్రాన వడ్డీ ధర్మసమ్మతం కాదు. లారీ నిలిచినా, బోల్తాపడినా పెట్టుబడిదారుని లాభం చెక్కుచెదరదు. నష్టమంతా శ్రమించేవాని నెత్తినే పడుతుంది. కష్టాల్లో ఉన్న రుణగ్రస్తునికి గడువివ్వాలన్న దివ్యఖుర్ఆన్ ఆదేశం (అల్ బఖరా: 280) ఇక్కడ గుర్తుకు రాక మానదు. మక్కా వర్తక బిడారులు పలువురి పెట్టుబడితో సాగేవి. హజ్రత్ ఖదీజా (ర) సరుకుతో దైవప్రవక్త (స) సిరియా వెళ్లినది లాభంలో వాటా పద్ధతిపైనే.

వడ్డీలేని బ్యాంకింగును 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సిఫారసు చేసినా, ఇస్లామీ బ్యాంకింగు ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినట్లు 2017లో వెల్లడైంది. కనుక దారి మనమే వెతుక్కోవాలి. లారీని కొని, లాభం కలిపి వాయిదాలపై అమ్మే మురాబహా ధర్మసమ్మతమే. అయితే అందులోనూ బాకీ కొన్నవానిపైనే ఉంటుంది. కిరాయి నిలకడ లేని ఈ వ్యాపారానికి తరిగే భాగస్వామ్యమే మేలని మా అభిప్రాయం.

40 లక్షల లారీని 16 వాటాలు చేద్దాం. నడిపేవాడు నాలుగు, గల్ఫ్‌లో సంపాదించిన బంధుమిత్రులు పన్నెండు తీసుకుంటారు. డీజిలు, టోలు, డ్రైవరు జీతం, నడిపేవాని ప్రతిఫలం పోగా మిగిలినది వాటాల ప్రకారం పంచుకుంటారు. బీమా, పెద్ద మరమ్మతులు, నష్టం కూడా వాటాల ప్రకారమే. నాలుగు నెలలకొక వాటా కొంటూ పోతే నాలుగేళ్లకు లారీ నడిపేవానిదవుతుంది. వాటా కొనేది అప్పటి బజారు ధరకే. పెట్టిన రెండున్నర లక్షలు తప్పక తిరిగిస్తానని మాటిస్తే అది మారువేషంలోని అప్పే! లారీ ధర ఏటేటా పడిపోతుందని డబ్బు పెట్టేవారికి ముందే చెప్పాలి.

తెలియని జనం నుంచి డిపాజిట్లు సేకరించడం వేరు సంగతి; 2019 చట్టం దాన్ని నిషేధించింది. "హలాల్" పేరుతో వేలాదిమందిని ముంచిన బెంగళూరు ఐఎంఏ బయటపడింది కూడా ఆ ఏడాదే. ఎరిగినవారు కొద్దిమందే కలిసి, భాగస్వామ్య సంస్థను రిజిస్టరు చేసి, ఆర్‌సీ సంస్థ పేరనే తీసుకోవాలి. లెక్కలు నెలనెలా అందరికీ పంపాలి. గల్ఫ్‌లోని భాగస్వామి మరణిస్తే అతని వాటా వారసులకు చెందుతుంది. వారికి లెక్క అప్పగించవలసినది ఎవరో కూడా పత్రంలో వ్రాసి ఉండాలి.